లంకల మీద మధ్యస్థాయి అలజడి

వెలగమడుగు సరస్సులో ఏడు లంకలున్నాయి. ఆ ఏడింటి మీదా కలిపి నూట నలభై మూడు రకాల మొక్కలున్నాయని కచ్చితంగా చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కడే, గుర్రం దైవాధీనం. లంకల వృక్షసంపద పరిరక్షణ కార్యాలయంలో ఆయన క్షేత్ర సహాయకుడు. అంటే పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని, బురదలో దిగి, ఏ మొక్క ఉందో ఏది పోయిందో చూసి రాసుకొచ్చే ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఉన్నదాన్ని లేదని రాయలేదు, లేనిదాన్ని ఉందని రాయలేదు. అందుకే ఇరవై రెండేళ్ళుగా క్షేత్ర సహాయకుడిగానే ఉన్నాడు.

నాలుగో లంక మీద మాత్రమే దొరికే ఒక బుల్లి మొక్కంటే ఆయనకు ప్రాణం. చిటికెన వేలి గోరంత ఆకులు, ఆవాల గింజకంటే కాస్త పెద్ద నీలం పువ్వు. గేదె గిట్ట దిగబడిన గుంట అంచున, నీళ్ళు నిలిచిన తడిలో తప్ప ఇంకెక్కడా మొలవదు. శాస్త్రజ్ఞులు దానికి నోరు తిరగని పేరొకటి పెట్టారు. ఒడ్డున గేదెలు మేపుకునే మరిడమ్మ మాత్రం దాన్ని నీలిచుక్క అంటుంది. దైవాధీనం కాగితాల్లో మొదటి పేరు రాసి, మనసులో రెండోది అనుకునేవాడు.

మరిడమ్మకు అప్పట్లో ఇరవై గేదెలుండేవి. తెల్లారగానే అవి బిలబిలమంటూ నీళ్ళలో దిగి, ముక్కులు మాత్రం పైకి పెట్టి ఈదుకుంటూ లంకలకు వెళ్ళేవి. లేత జమ్ము మేసేవి, తుంగ తొక్కేవి, బురదలో పొర్లేవి, పొద్దు వాలేసరికి వాటంతటవే ఇంటికొచ్చేవి. ఈ వ్యవహారమంతా ఏ అనుమతీ లేకుండానే ఎన్నో తరాలుగా జరుగుతోంది. 

అలాంటి సమయంలో డాక్టర్ పరాంకుశరావు గారు కార్యాలయానికి సంచాలకులుగా వచ్చారు. వచ్చిన వారంలోనే లాంచీ మీద నిలబడి, లంకల వైపు చెయ్యి చాపి ప్రకటించారు:

“ప్రకృతి ప్రశాంతతను కాంక్షిస్తుంది. ఆ కాంక్షను నెరవేర్చుట మన విధ్యుక్త ధర్మం.”

మర్నాడే ఏడు లంకలనూ సంపూర్ణ ప్రశాంత మండలంగా ప్రకటిస్తూ ఉత్తర్వు వచ్చింది. గేదెలు రాకూడదు. చేపల వాళ్ళు వలలు ఆరేసుకోకూడదు. పరిరక్షణ సిబ్బంది కూడా లంక మీద కాలు పెట్టకూడదు. దైవాధీనం ఇకపై పడవలో కూర్చుని, దుర్భిణి పెట్టుకుని మొక్కల్ని లెక్కించాలి. ఆవాల గింజంత పువ్వును పావుమైలు దూరం నుంచి ఎలా లెక్కపెట్టాలో ఉత్తర్వులో లేదు.

“నా గేదెలేం పాపం చేసినియ్యి బాబూ?” అంది మరిడమ్మ, కట్టుకొయ్యల దగ్గర నిలబడి.

“పాపం కాదక్కా. అలజడి చేస్తున్నాయంట.”

“గేదె నడిత్తే అలజడా! మరి ఎగిరెల్తాయేటి?”

దైవాధీనం ఈ ప్రశ్నను రాతపూర్వకంగా పైకి పంపాడు. రెండు నెలలకు జవాబొచ్చింది: “ఎగురుట విషయమై ప్రత్యేక మార్గదర్శకాలు లేవు.”

మూడేళ్ళు గడిచాయి. కొని మేపే గడ్డికి తట్టుకోలేక మరిడమ్మ తొమ్మిది గేదెల్ని అమ్మేసింది. మిగిలిన పదకొండూ ఒడ్డున నిలబడి, లంకల వైపు చూసి అరిచేవి. అటు లంకల మీద సంపూర్ణ ప్రశాంతత వర్ధిల్లింది. తినేవాడూ తొక్కేవాడూ లేక జమ్ము మనిషి ఎత్తు పెరిగి, లంకనంతా గోడ కట్టినట్టు కమ్మేసింది. దాని కింద నేల మీద ఎండ పొడ పడలేదు. మూడో ఏడాది చివర, కాళ్ళకు మేజోళ్ళు తొడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక్కరోజు లంకల మీద దిగి రావడానికి దైవాధీనానికి ప్రత్యేక అనుమతి దొరికింది. వెళ్ళాడు. జమ్ములో పాక్కుంటూ తిరిగాడు. అరవై ఒక్క రకాలు మిగిలాయి. నాలుగో లంక మూల, ఎప్పటిదో పాత గిట్ట గుంటలో, నీలిచుక్కలు మూడంటే మూడే ఉన్నాయి.

సమీక్షా సమావేశంలో దైవాధీనం ఆ అరవై ఒకటిని రెండుసార్లు చదివాడు. పరాంకుశరావు గారు చెక్కు చెదరలేదు.

“మీరు తిరోగమన దృష్టితో చూస్తున్నారు. మొక్కలు తగ్గలేదు. ఏకాభిప్రాయానికి వచ్చాయి.”

ఆ వాక్యం వార్షిక నివేదికలో మొదటి పేజీకి ఎక్కింది.

ఆ తర్వాత పరాంకుశరావు గారు ఏదో మహానగరంలో జరిగిన సదస్సుకు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు ప్రశాంతతతో వెళ్ళిన మనిషి వచ్చేటప్పుడు అలజడితో వచ్చారు. అక్కడెవరో పెద్ద శాస్త్రవేత్త చెప్పారట: బొత్తిగా కదలిక లేని చోట బలమైన మొక్క ఒక్కటే అన్నిటినీ నొక్కేస్తుంది, మరీ కదిలిస్తే ఏదీ బతకదు, మధ్యస్థంగా కదిలించిన చోటే ఎక్కువ రకాలు కలిసి బతుకుతాయి అని. దైవాధీనం ఈ సంగతే మూడేళ్ళ కిందట ఒక చిన్న కాగితం మీద, గేదెల గిట్టలతో సహా రాసి పంపాడు. ఆ కాగితం “ప్రశాంతతకు వ్యతిరేక ధోరణి” అనే ఫైలులో భద్రంగా ఉంది.

“అయ్యా, అయితే మరి గేదెల్ని తిరిగి...” అని మొదలుపెట్టాడు దైవాధీనం.

“గేదె చేసేది అనధికారిక అలజడి. దానికి మోతాదు తెలియదు. మనకు కావలసింది ప్రామాణిక, శాస్త్రీయ, మధ్యస్థాయి అలజడి.”

“మధ్యస్థాయి అంటే ఎంతండీ?”

“తక్కువకూ ఎక్కువకూ సరిగ్గా మధ్య.”

“తక్కువంటే?”

“మధ్యస్థాయి కన్నా తక్కువది,” అన్నారు పరాంకుశరావు గారు. ఇంత తేలిక విషయం కూడా అడిగి తెలుసుకోవాల్సి వస్తున్నందుకు ఆయనకు జాలి కలిగింది.

ముగ్గురు నిపుణులతో కమిటీ వేశారు. వాళ్ళు సరస్సును చూడకుండానే, నిష్పాక్షికత కోసం, ప్రతి లంకనూ తాళ్ళతో గళ్ళుగా విభజించి గడి విడిచి గడి కదిలించాలని తేల్చారు. దీనికంతటికీ ఒక బాధ్యుడు కావాలి కాబట్టి దైవాధీనాన్ని ఇన్‌చార్జి అలజడి అధికారిగా నియమించారు. ఛాతీకి తగిలించుకునే బిళ్ళ ఇచ్చారు. ఇంటికి తెచ్చి భార్య కరుణమ్మకు చూపిస్తే, ఆవిడ రెండుసార్లు చదివి నవ్వాపుకోలేకపోయింది.

“మంచినీళ్ళ గళాసు కిందెట్టినా చప్పుడవనియ్యరు కదండీ మీరు! వాళ్ళకింకెవరూ దొరకలేదా?”

మొదట తొక్కుడు సిబ్బంది వచ్చారు. నలభై మంది, అందరికీ రబ్బరు బూట్లు. ఎడమ కాలు నిండుగా, కుడి కాలు సగం బరువుతో వెయ్యాలని శిక్షణ. వాళ్ళు మూడు రోజులు కుంటుకుంటూ తొక్కారు. జమ్ము పడుకుంది. నాలుగో రోజు లేచి నిలబడింది. సిబ్బందిలో సగం మంది మాత్రం నడుం నొప్పితో పడుకుని ఇంకా లేవలేదు.

ప్రధాన కార్యాలయంలో ఎవరో “అలజడి” అన్న మాటను గోల అనే అర్థంలో తీసుకున్నట్టున్నారు. ఒక ఉదయం మూడో లంక మీద బ్యాండు మేళం దిగింది. బాకా ఊదేవాళ్ళు ఆరుగురు, డప్పులు నాలుగు. మరీ ఎక్కువ కాకుండా, మరీ తక్కువ కాకుండా వాయించమని దైవాధీనం అధికార హోదాలో వాళ్ళకు సూచించాల్సి వచ్చింది. మొక్కల్లో మార్పేమీ కనిపించలేదు. కొంగలు మాత్రం జిల్లా వదిలి వెళ్ళిపోయాయి.

సమన్వయ సమావేశం తర్వాత పోలీసులు కూడా తమ వంతు సహకారం అందించారు. ఇన్‌స్పెక్టరు గారు అయిదో లంక ఒడ్డున మైకు పట్టుకుని, నిబంధనల ప్రకారం మూడుసార్లు హెచ్చరించారు: “ఇక్కడ చట్టవిరుద్ధంగా గుమిగూడిన జమ్ము తక్షణం చెదిరిపోవలెను!” జమ్ము చెదరలేదు. స్వల్పంగా లాఠీచార్జి జరిపారు. గింజలు రాలి నలుదిక్కులా ఎగిరాయి. రెండు నెలలకల్లా అయిదో లంక మీద జమ్ము రెట్టింపైంది, ఆరో లంక మీద కూడా మరింతగా గుమిగూడింది.

“ఇదంతా చాలీచాలని అలజడి,” అని పరాంకుశరావు గారు నిర్ధారించి, రోడ్లు వేసే రోలరును పంటు అనే బల్లకట్టు మీద రెండో లంకకు చేర్పించారు. రోలరు రెండు రోజులు తిరిగింది. గడి విడిచి గడి తిప్పడం దానికి చేతకాలేదు. మూడో రోజు దైవాధీనం లెక్కకు వెళ్తే రాయడానికేమీ లేదు. లంక పళ్ళెంలా చదునుగా, గట్టిగా, నున్నగా ఉంది. ఆయన చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడి, చివరికి “సున్న” అని రాశాడు. ఇరవై అయిదేళ్ళలో ఆ అంకె రాయడం అదే మొదలు.

“పూర్వపు ఏకాభిప్రాయం కూడా తొలగిపోయింది. శుభారంభం!” అన్నారు పరాంకుశరావు గారు. “సోమవారం రోలరును నాలుగో లంకకు తరలించండి.”

దైవాధీనం లేచి నిలబడ్డాడు. అక్కడ మూడు నీలిచుక్కలున్నాయని చెప్పాడు. అవి ఇంకెక్కడా లేవని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చేతులు జోడించాడు కూడా.

“అంతకంటే మెరుగైన అలజడి యంత్రమేదైనా ఉంటే నమూనా తొమ్మిదిలో ప్రతిపాదించండి. కమిటీ పరిశీలిస్తుంది. లేనియెడల రోలరే,” అన్నారు సంచాలకులు, ఫైలు మూసేస్తూ.

ఆ రోజు శుక్రవారం. దైవాధీనం నమూనా తొమ్మిదిని తెచ్చుకుని సరస్సు ఒడ్డున కూర్చున్నాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. యంత్రం బరువెంత, దేనితో నడుస్తుంది, నీటిని దాటగలదా, వ్యర్థాలెటు పోతాయి అని ఇరవై గళ్ళున్నాయి. ప్రాణముందా అని మాత్రం ఎక్కడా అడగలేదు. పక్కన కట్టుకొయ్యల దగ్గర మరిడమ్మ గేదెలు లంకవైపు చూసి అరుస్తున్నాయి. ఆయన వాటిని చూశాడు, కాగితాన్ని చూశాడు. జీవితంలో అబద్ధం రాయని మనిషి, ఆ సాయంత్రం కూడా ఒక్క అబద్ధం రాయలేదు.

“నీ గేదె ఎంత బరువుంటదక్కా?”

“ఏటి, కొంటావా?”

“కాదు. ఉద్యోగంలో ఏద్దారని.”

ఆయన రాసింది ఇది: “తయారీ: స్థానికం. నడిచే తీరు: స్వయంచాలితం. బరువు: సుమారు నాలుగు వందల యాభై కిలోలు. రంగు: నలుపు. ఇంధనం: జమ్ము, తుంగ. పనిచేసే చోటనే నింపుకుంటుంది. నీటిని దాటుట: దాటుతుంది, పడవ అవసరం లేదు. ఒత్తిడి: నాలుగు బిందువుల వద్ద. వ్యర్థాలు: నేలకు ఎరువుగా చేరును. శబ్దం: అప్పుడప్పుడు. పని ముగిసిన పిమ్మట: తనంతట తానే ఇంటికి వెళ్తుంది. అందుబాటులో ఉన్న యూనిట్లు: పదకొండు. నిర్వాహకురాలు: మరిడమ్మ.”

శనివారం ఆ కాగితం చూసిన కమిటీకి ఇంత ఆనందం ఎన్నడూ కలగలేదు. “తనంతట తానే ఇంటికి వెళ్తుంది” అన్నచోట ఒక నిపుణుడు ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి “అద్భుతం” అని రాశారు. విదేశాల్లో కూడా ఇటువంటిది రాలేదని రెండోవారు. ప్రధాన కార్యాలయం ఆదివారంనాడే పరాంకుశరావు గారిని ఫోనులో అభినందించింది. ఆయన కళ్ళు మూసుకుని అనుమతి పత్రం మీద సంతకం చేసి, సోమవారం ఉదయం ప్రదర్శనకు కొత్త సూటు వేసుకుని లాంచీ ఎక్కారు.

నాలుగో లంక దగ్గర లాంచీ ఆగింది. పరాంకుశరావు గారు యంత్రాల కోసం ఆకాశం వైపు కూడా చూశారు. ఇంతలో నీళ్ళ మీద పదకొండు నల్లటి ముక్కులు బుసకొడుతూ వచ్చాయి. ఆ తర్వాత కొమ్ములు, ఆ తర్వాత వీపులు. మూడేళ్ళ తర్వాత లంక దొరికిన గేదెలు ఒడ్డెక్కడమే ఆలస్యం, తోకలెత్తి జమ్ములోకి దూకాయి. మరిడమ్మ చిన్న పడవలో వెనకాల వస్తూ చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

పరాంకుశరావు గారు లాంచీ కమ్మీ పట్టుకుని ముందుకు వంగారు.

“దైవాధీనం, ఇవి...”

“యూనిట్లండి.”

“కొమ్ములున్నాయి.”

“జమ్ములో దారి చేసుకోడానికండి.”

“అదుగో, అది పేడ వేస్తోంది.”

“వ్యర్థాల గడి తమకు బాగా నచ్చిందని కమిటీవారు రాశారండి.”

సంచాలకులు జేబులోంచి తన సంతకమున్న పత్రం తీసి పై నుంచి కింది దాకా చదివారు. ఎక్కడా తప్పు లేదు. అభినందనలు అప్పుడే అందుకున్నారు. రేపటి పత్రికా ప్రకటన నిన్ననే పంపేశారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

“యూనిట్ల పనితీరు సంతృప్తికరంగా ఉంది,” అన్నారు. రోలరును వెనక్కి పంపేశారు.

అయితే యంత్రాలన్నాక నియమాలుంటాయి. కొమ్ములకు నంబరు పలకలు కట్టారు. వెనక్కి నడిచేటప్పుడు మోగాలని మెడలో గంటలు వేశారు. అవి ముందుకు నడిచినా మోగాయి. మరిడమ్మ నిర్వాహకురాలు గనుక ఉదయం పదింటికి వచ్చి వేలిముద్ర వేశాకే పని మొదలవ్వాలన్నారు.

“నాకేం, ఏత్తాను. పదింటిదాకా ఆగమని ఆటికి నువ్వే చెప్పు,” అంది మరిడమ్మ. దైవాధీనం గేదెలకు రాతపూర్వకంగా తెలియజేసి, ప్రతిని ఫైలులో పెట్టాడు. అవి ఎప్పటిలాగే తెల్లారి అయిదున్నరకే వెళ్ళిపోయాయి. ముందస్తు హాజరుకు శిక్ష నిబంధనల్లో లేదు.

వర్షాకాలం వచ్చి పోయింది. నీళ్ళు తగ్గాక దైవాధీనం లెక్కకు దిగాడు. ఈసారి మేజోళ్ళు లేవు. జమ్ము గోడ చీలికలు చీలికలుగా విరిగింది. ఆ సందుల్లోంచి ఎండ నేలదాకా దిగింది. గుంటగలగర, నీటిబ్రాహ్మి, ఏళ్ళ తరబడి మట్టిలో నిద్రపోయిన గింజల్లోంచి ఏవేవో పేరు గుర్తుచేసుకోవాల్సిన మొక్కలు. ఏడు లంకల్లో నూట పద్దెనిమిది రకాలు. రెండో లంక మీద సైతం, రోలరు గట్టిపరిచిన నేలను గిట్టలు పగలగొట్టిన చోటల్లా, గడ్డి మొలిచింది. నాలుగో లంక మూలన ఆయన మోకాళ్ళ మీద కూర్చుని గిట్ట గుంటలు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళాడు. నీలిచుక్కలు ముప్ఫై దాకా లెక్కపెట్టాక కళ్ళు మసకబారి లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. తప్పినందుకు ఆయనకు ఏమాత్రం విచారం కలగలేదు.

వార్షిక నివేదికలో ఈ ఘనతకు కారణాలుగా సంచాలకుల దూరదృష్టిని, కమిటీ మేధను, బ్యాండు మేళం ప్రాథమిక కృషిని పేర్కొన్నారు.

అంతలో పైనుంచి అత్యవసరమని ముద్రవేసిన లేఖ వచ్చింది. మంజూరైన యూనిట్లు పదకొండు కాగా, నివేదికలోని ఫొటోలో పన్నెండు కనబడుతున్నాయనీ, పన్నెండోది పరిమాణంలో చిన్నదనీ, నంబరు పలక కూడా లేదనీ, ఈ చిన్నతరహా యూనిట్ ఎవరి అనుమతితో, ఏ సంస్థ నుంచి వచ్చిందో తెలపాలనీ దాని సారాంశం. విచారణకు పరాంకుశరావు గారే స్వయంగా లాంచీలో వచ్చారు. లేఖ చేత్తో పట్టుకునే దిగారు.

పన్నెండోది పుట్టి ఇంకా నెల కాలేదు. గంతులేస్తే కాళ్ళు ఇంకా తడబడుతున్నాయి. అది తూలుతూ వచ్చి, విచారణాధికారి చేతిని మొదట వాసన చూసి, తర్వాత నాకి, చివరికి లేఖ అంచును నోట్లో పెట్టుకుని చప్పరించసాగింది.

“అబ్బ! దూడ ఎంత ముద్దుగా ఉందో!” అన్నారు పరాంకుశరావు గారు.

అని, ఉలిక్కిపడి దైవాధీనం వైపు చూశారు. ఏడాదిగా ఆ నోట యూనిట్ తప్ప మరో మాట రాలేదు. దైవాధీనం ఎటో చూస్తూ నిలబడ్డాడు. సంచాలకులు మెల్లగా బూట్లు విప్పి, పక్కన పెట్టి, గడ్డి మీద చతికిలబడ్డారు. దూడ ఆయన ఒళ్ళో తల పెట్టింది.

“మా అమ్మకి ఉండేవయ్యా రెండు గేదెలు,” అన్నారు దాని తల నిమురుతూ. “పైవాళ్ళకి ఏం రాద్దాం?”

“ఉన్నదే రాద్దామండి.”

దైవాధీనం కాగితం మోకాలి మీద పెట్టుకుని ఒక్క ముక్క రాశాడు: “గేదె ఈనింది.” పరాంకుశరావు గారు దాన్ని తీసుకుని, విధ్యుక్తమనీ, తత్సంబంధమనీ ఏమీ చేర్చకుండా, కింద సంతకం పెట్టారు.

జవాబు పదిహేను రోజులకు వచ్చింది. గేదె విషయంలో ప్రధాన కార్యాలయానికి అభ్యంతరం లేదట. కానీ ఈనుటకు ముందస్తు అనుమతి ఎందుకు పొందలేదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

దైవాధీనం ఆ లేఖ పట్టుకెళ్ళి, పాలు పితుకుతున్న మరిడమ్మకు మెల్లగా చదివి వినిపించాడు. ఆవిడ చెంబు పక్కన పెట్టి, శ్రద్ధగా ఆలోచించింది.

“అయిందేదో అయ్యింది గానీ బాబూ, ఇంకో మూడు చూడితో ఉన్నాయి. ఆటికి మాత్రం ఇప్పుడే రాసి పంపించెయ్యి,” అంది.